నీరు కావాలంటే నగరంలో చేరాలి: లాస్ ఏంజెలిస్ విలీనాల చరిత్ర, మెట్రోపాలిటన్ వాటర్ డిస్ట్రిక్ట్ ఆవిర్భావం (1906–1931)

వ్యాససంగ్రహం:
అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో లాస్ ఏంజెలిస్ నగరం ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాల్లో చుట్టుపక్కల భూములను, ఊళ్ళను తనలో కలుపుకొని విస్తరించింది. ఈ విస్తరణకు ప్రధానసాధనం నీరు. కొంతకాలానికి అదే నగరం పొరుగు పట్టణాలతో సమానహోదాలో కూర్చొని ఉమ్మడి నీటి సంస్థను ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. విలీనం నుంచి సహకారానికి జరిగిన ఈ మార్పుకు న్యాయ, ఆర్థిక, రాజకీయ కారణాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. భూవ్యాపారుల కుట్ర అనే ప్రసిద్ధవాదాన్ని తోసిపుచ్చకుండానే, అది ఒక్కటే ఈ చరిత్రను వివరించలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నగరపాలన, విలీనం, నీటిహక్కులు, లాస్ ఏంజెలిస్, ఓవెన్స్ లోయ, శాన్ ఫెర్నాండో లోయ, ప్రత్యేక జిల్లాలు.

1. ఉపోద్ఘాతం

నగరం పెరుగుతున్నప్పుడు దాని పాలకమండలి ముందుకు రెండు ప్రశ్నలు వస్తాయి. పొలిమేర అవతలి భూమిని నగరంలో కలుపుకోవాలా? లేక ఆ భూమిని దాని మానాన వదిలి, నీరు, మురుగుపారుదల, విద్యుత్తు వంటి సేవల విషయంలో మాత్రం వేరొక సంస్థతో ఒప్పందం చేసుకోవాలా? మొదటి మార్గంలో నగరానికి పన్నులూ వస్తాయి, బాధ్యతలూ వస్తాయి. రెండవ మార్గంలో సరిహద్దులు చెక్కుచెదరవు కాని, నిర్ణయాధికారాన్ని ఇతరులతో పంచుకోవలసి ఉంటుంది.

అమెరికన్ పాలనాపరిభాషలో 'డిస్ట్రిక్ట్' అనే మాటకు మనకు అలవాటైన జిల్లా అనే అర్థం ఒక్కటే లేదు. కలెక్టరు, రెవెన్యూ యంత్రాంగం ఉండే పరిపాలనావిభాగాన్ని అక్కడ కౌంటీ అంటారు. నీటి సరఫరా, పాఠశాల, అగ్నిమాపకం వంటి ఒక నిర్దిష్టసేవ కోసం చట్టప్రకారం ఏర్పడి, సొంత పాలకమండలి కలిగి, పన్ను వేసే అధికారం కూడా ఉండే సంస్థను 'ప్రత్యేక జిల్లా' అంటారు. ఒక ఊరు ఏకకాలంలో ఒక కౌంటీలోనూ, రెండు మూడు ప్రత్యేక జిల్లాల్లోనూ ఉండవచ్చు. ఈ వ్యాసంలో 'నీటి జిల్లా' అన్నచోటల్లా ఈ అర్థాన్నే గ్రహించాలి.

లాస్ ఏంజెలిస్ చరిత్రలో ఈ రెండు మార్గాలూ ఒకదాని తరువాత ఒకటి కనిపిస్తాయి. ఒకే తరం నాయకులు, కొన్నిచోట్ల అవే వ్యక్తులు, మొదట ఒక మార్గాన్నీ తరువాత రెండవ మార్గాన్నీ నడిపారు. అందుచేత ఈ నగరాన్ని పరిశీలనకు స్వీకరించడమైనది.

2. ప్యూబ్లో హక్కు: సరిహద్దుకూ నదికీ ఉన్న ముడి

1781లో స్పానిష్ పాలకులు లాస్ ఏంజెలిస్‌ను ఒక 'ప్యూబ్లో'గా, అంటే వ్యవసాయ జనావాసంగా, స్థాపించారు. దాని విస్తీర్ణం నాలుగు చదరపు లీగులు, ఇప్పటి లెక్కలో సుమారు 28 చదరపు మైళ్ళు. మెక్సికో పాలన ముగిసి అమెరికా పాలన వచ్చిన తరువాత కూడా ఆ పాత పుట్టుక నగరానికి ఒక విలువైన వారసత్వాన్ని మిగిల్చింది. నదీజలాలపై ప్యూబ్లో వాసుల అవసరాలకే అగ్రస్థానమనీ, జనం పెరిగితే ఆ హక్కు కూడా పెరుగుతుందనీ నగరం న్యాయస్థానాల్లో వాదించింది. కాలిఫోర్నియా సర్వోన్నత న్యాయస్థానం పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకాల్లో దీనిని క్రమంగా ఆమోదించింది. 1899 నాటి పొమెరాయ్ వ్యాజ్యంలో నది ఉపరితల ప్రవాహంతో పాటు, దానిని పోషించే భూగర్భజలానికీ ఈ హక్కు వర్తిస్తుందని తేలింది. ఆ భూగర్భజలం ఎక్కువగా నగరానికి ఉత్తరాన ఉన్న శాన్ ఫెర్నాండో లోయ కింద ఉంది.

ఈ తీర్పు పర్యవసానం లోతైనది. లోయలోని రైతు తన పొలంలో బావి తవ్వుకున్నా, ఆ నీటిపై తనకన్నా నగరానిదే ముందు హక్కు అయింది. ఆ హక్కు నగర నివాసుల హక్కు కనుక, నగరం సరిహద్దు జరిగితే హక్కు పరిధి కూడా జరుగుతుంది. నగరంలో చేరిన భూమి ఆ హక్కులో భాగస్వామి అవుతుంది, చేరని భూమి బయటే నిలిచిపోతుంది. మరొక చిక్కు కూడా ఉంది. నగరం తన నీటిని వెలుపలివారికి అమ్మితే, తన అవసరానికి మించి నీరు ఉన్నదని తానే ఒప్పుకున్నట్లు అవుతుంది. అప్పుడు లోయ భూగర్భజలంపై తన దావా బలహీనపడుతుంది. నగర న్యాయవాదులను ఈ భయం చాలాకాలం వెంటాడింది. విలీన విధానానికి బీజం ఇక్కడే ఉన్నదని వ్యాసకర్త అభిప్రాయం.

1868లో నగరపాలకమండలి నీటిసరఫరాను 30 ఏళ్ళ కౌలుకు ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించింది. కౌలు 1898లో ముగిసినా, కంపెనీ ఆస్తుల విలువపై తగవులు నడిచి, 1902లో గాని నగరం 20 లక్షల డాలర్లకు దానిని తిరిగి కొనుక్కోలేకపోయింది. ఈ అనుభవం తరువాత నగర ప్రజలు తమ శాసనపత్రంలో గట్టి నిబంధన పెట్టుకున్నారు. ఓటర్లలో మూడింట రెండువంతుల సమ్మతి లేకుండా నగరపు నీటిహక్కును ఎవరికీ అమ్మకూడదు, కౌలుకివ్వకూడదు. నీటి నిర్వహణ నియమిత సభ్యులున్న నీటి మండలి చేతికి వచ్చింది. కంపెనీలో కాలువలు శుభ్రం చేసే కూలీగా జీవితం ప్రారంభించి పర్యవేక్షకుడిగా ఎదిగిన విలియం ముల్‌హాలండ్ కంపెనీతో పాటే నగరానికి సంక్రమించాడు. ఆయన తలలో ఉన్న గొట్టాల పటం కంపెనీ కాగితాలకన్నా నమ్మదగినదని ప్రతీతి.

3. బూటులేసు విలీనం

నీటికన్నా ముందు నగరాన్ని ఊరించినది సముద్రం. లాస్ ఏంజెలిస్ తీరనగరం కాదు. నౌకాశ్రయం శాన్ పెడ్రో, విల్మింగ్టన్ పట్టణాల వద్ద ఉంది. నాటి చట్టప్రకారం నగరం తనకు ఆనుకొని ఉన్న భూమినే కలుపుకోగలదు. అందుచేత 1906లో నగరానికి దక్షిణంగా ఓడరేవు పట్టణాల పొలిమేరదాకా మైళ్ళ పొడవున ఒక సన్నని పట్టీని మాత్రం కలుపుకున్నారు. జనం దానికి 'బూటులేసు' అని పేరు పెట్టారు. పటంలో ఈనాటికీ అది అలాగే కనిపిస్తుంది. పట్టీ చేరగానే ఓడరేవు పట్టణాలు నగరానికి 'ఆనుకొని' ఉన్నట్లయింది. అయితే అవి అప్పటికే సొంత పురపాలనగల పట్టణాలు. అటువంటివాటిని నగరంలో ఏకీకరించడానికి రాష్ట్ర శాసనసభచేత కొత్త చట్టం చేయించి, రెండు ఊళ్ళ ఓటర్లను ఒప్పించి, 1909లో పని పూర్తిచేశారు.

భూమిని పాలకమండలి కేవలం తీర్మానంతో తీసుకోలేదనీ, ఎదుటివారి ఓటు కావాలనీ ఈ ఘట్టం చూపింది. ఆ ఓటు కోసం ఏదో ఒకటి ఇవ్వాలి. శాన్ పెడ్రోకు ఓడరేవు అభివృద్ధిని వాగ్దానం చేశారు. తరువాతి ఊళ్ళకు నీటిని చూపించారు. 1903లో పట్టణంగా ఏర్పడిన హాలీవుడ్, ఏడేళ్ళు కూడా గడవకముందే నీరు, మురుగుపారుదల సమస్యలతో సతమతమై, 1910లో తన పురపాలనను వదులుకొని లాస్ ఏంజెలిస్‌లో కలిసిపోయింది. చలనచిత్ర పరిశ్రమ పేరుతో లోకమంతటికీ తెలిసిన ఆ ఊరు పరిశ్రమ స్థిరపడకముందే ఊరుగా అంతరించిందన్న సంగతి చాలామందికి తెలియదు.

4. ఓవెన్స్ నది, 1906 చట్టం

1900లో నగర జనాభా 1,02,479. 1910 నాటికి 3,19,198. పెరుగుదలకు స్థానికనది చాలదని ముల్‌హాలండ్, మాజీ మేయరు ఫ్రెడ్ ఈటన్ భావించారు. సియెర్రా నెవాడా పర్వతాల తూర్పువాలులో, రెండువందల మైళ్ళకు పైగా దూరాన ఓవెన్స్ నది ఉంది. 1905 జూలై 29న 'లాస్ ఏంజెలిస్ టైమ్స్' ఈ పథకాన్ని బయటపెట్టేనాటికే ఈటన్ ఆ లోయలో కీలకమైన భూములను, నీటిహక్కులను గుట్టుగా కొని ఉన్నాడు. అదే లోయలో రైతుల కోసం సమాఖ్య ప్రభుత్వపు పునరుద్ధరణ సంస్థ ఒక సేద్యపు పథకాన్ని పరిశీలిస్తుండేది. ఆ సంస్థ అధికారి జోసెఫ్ లిపిన్‌కాట్ మరోవైపు నగరానికి సలహాదారుగా కూడా పనిచేశాడు. ఈ ద్వంద్వపాత్రను సమర్థించిన చరిత్రకారులు అరుదు.

సమాఖ్య భూములమీదుగా కాలువ తవ్వడానికి 1906లో కాంగ్రెసు అనుమతి అవసరమైంది. ఓవెన్స్ లోయ ఉన్న ఇన్యో కౌంటీ ప్రతినిధి సిల్వెస్టర్ స్మిత్, నగరం గృహావసరాలకే నీటిని వాడుకోవాలనీ, సేద్యానికి వాడరాదనీ షరతు కోరాడు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ నగరం పక్షాన నిలిచాడు. సేద్యంపై నిషేధం తొలగిపోయింది. దానికి బదులుగా చట్టంలో ఒక నిబంధన చేరింది. సేద్యపు నీటిని తిరిగి అమ్ముకునే హక్కును నగరం ఏ వ్యక్తికీ, ఏ కంపెనీకీ ఇవ్వకూడదు. అయితే పురపాలికలకు ఇందులో మినహాయింపు ఉంది.

ఈ మినహాయింపును గమనించాలి. పొరుగు పురపాలికలకు నీరు అమ్మడానికి సమాఖ్య చట్టం అడ్డు చెప్పలేదు. పాసడీనా, గ్లెండేల్ వంటి పట్టణాలకు టోకున నీరు ఇచ్చి, అవి తమ ప్రజలకు పంచుకునే ఏర్పాటు 1906లోనే సాధ్యం. అంటే నీరు కావాలంటే నగరంలో చేరాలన్న నియమం వాషింగ్టన్ విధించినది కాదు. నగరం తన అవసరాల రీత్యా ఎంచుకున్నది.

ఆ అవసరాల్లో ప్యూబ్లో హక్కు రక్షణ ఒకటి. రెండవది అప్పు. కాలువ కోసం ప్రజలు 1905లో 15 లక్షల డాలర్లకు, 1907లో 2 కోట్ల 30 లక్షల డాలర్లకు బాండ్లను భారీ ఆధిక్యంతో ఆమోదించారు. నగరం చేయగల అప్పు దాని పరిధిలోని ఆస్తుల మదింపు విలువకు ముడిపడి ఉండేది. కొత్త భూమి చేరితే ఆస్తివిలువ పెరుగుతుంది, అప్పుకు చోటు పెరుగుతుంది, భారం ఎక్కువమంది మీదికి సర్దుకుంటుంది. బయటివారికి నీరమ్మితే వచ్చేది నీటి రుసుము మాత్రమే. కలుపుకుంటే రుసుముతో పాటు ఏటేటా ఆస్తిపన్ను కూడా వస్తుంది. ఈ లెక్క ఏ పాలకమండలికైనా అర్థమవుతుంది.

5. 1911 నివేదిక, 1915 విలీనం

కాలువ పూర్తయితే నగర అవసరానికి సుమారు నాలుగురెట్లు నీరు వస్తుందని అంచనా. మిగులు నీటిని ఏంచేయాలి? క్వింటన్, కోడ్, హామ్లిన్ అనే ముగ్గురు ఇంజనీర్లు 1911లో ఇచ్చిన నివేదిక దీనికి సమాధానం చెప్పింది. మిగులు నీరు పొందే భూములు నగరంలో విలీనానికి సమ్మతించాలి, పంపిణీ వ్యవస్థ ఖర్చును భరించాలి, కాలువ రుణంలో తమ వంతు మోయాలి. నీటిని సేద్యానికి అందించడానికి అన్నింటికన్నా అనువైన ప్రదేశంగా శాన్ ఫెర్నాండో లోయ తేలింది. కాలువ చివర అక్కడే ఉంది. పైగా అక్కడ పొలాలకు పారించిన నీటిలో కొంత భూమిలోకి ఇంకి, భూగర్భం గుండా తిరిగి లాస్ ఏంజెలిస్ నదిలోకి చేరుతుంది. లోయ మొత్తం ఖర్చులేని జలాశయంగా పనిచేస్తుందన్నమాట. ఇంజనీరింగు దృష్టితో చూస్తే ఈ వాదన పటిష్ఠమైనది.

ఆ లోయ భూములు ఎవరివి అన్నదే అసౌకర్యమైన ప్రశ్న. లోయలో సుమారు 16,000 ఎకరాల పోర్టర్ క్షేత్రంపై ఒక కూటమి ముందుగానే కొనుగోలు ఒప్పందం సంపాదించింది. రైల్వే అధిపతులు హెన్రీ హంటింగ్టన్, ఇ. హెచ్. హ్యారిమన్, 'టైమ్స్' పత్రికాధిపతి హారిసన్ గ్రే ఓటిస్ ఆ కూటమిలో ఉన్నారు. అదే కూటమిలో ఉన్న మోజెస్ షెర్మన్ నగర నీటి మండలి సభ్యుడు కూడా. 1909లో ఓటిస్, ఆయన అల్లుడు హ్యారీ చాండ్లర్, షెర్మన్, మరికొందరు కలిసిన ఇంకొక కంపెనీ లోయ దక్షిణభాగంలో 47,500 ఎకరాలను 25 లక్షల డాలర్లకు కొన్నది. 1912లో అక్కడ వెలసిన ఒక ఊరికి 'ఓవెన్స్‌మౌత్' అని పేరు పెట్టారు. ఓవెన్స్ నది ముఖద్వారం అక్కడెక్కడా లేదు. కాలువ ఇంకా పూర్తికాలేదు. రాబోయే నీటిని చూపి స్థలాలు అమ్మడానికి ఆ పేరు ఉపయోగపడింది. మన ఊళ్ళ శివార్లలో మెట్రో రాకముందే మెట్రో పేరుతో లేఔట్లు వెలసినట్లు.

233 మైళ్ళ కాలువ 1913 నవంబరు 5న నీరు వదిలింది. 1915 మార్చి 29న శాన్ ఫెర్నాండో లోయ ఓటర్లు విలీనంపై తీర్పు చెప్పారు. అనుకూలం 681, వ్యతిరేకం 25. సుమారు 170 చదరపు మైళ్ళ భూమి భవితవ్యాన్ని నిర్ణయించిన మొత్తం ఓట్లు 706. ఆ మే నెలలో లోయ నగరంలో కలిసింది. నగర విస్తీర్ణం ఒక్కసారిగా రెండింతలకు మించింది. ఓవెన్స్‌మౌత్ 1917లో, లాంకర్‌షిమ్ 1923లో చేరాయి.

విలియం కార్ల్ 1982లో ప్రచురించిన గ్రంథమూ, అబ్రహాం హాఫ్‌మన్ 1981లో ప్రచురించిన గ్రంథమూ ఈ ఘట్టాన్ని సవివరంగా చర్చించాయి. 1974 నాటి 'చైనాటౌన్' చలనచిత్రం దీనిని 1930ల కథగా మార్చి కుట్ర కోణాన్ని లోకప్రసిద్ధం చేసింది. షెర్మన్ రెండు పడవలమీద కాళ్ళు పెట్టాడన్నది కాదనలేని వాస్తవం. అయినా, భూవ్యాపారులు లేరనుకున్నా నగరం లోయను కలుపుకునే ఉండేదని ఈ వ్యాసకర్త భావన. ప్యూబ్లో హక్కు, రుణపరిమితి, కాలువ చివరి స్థానం, ఈ మూడూ నగరాన్ని అటువైపే నెట్టాయి. వ్యాపారులు ఆ దిశను కనిపెట్టి, ముందుగా వెళ్ళి కూర్చున్నారు. నేరం తగ్గలేదు గాని, కారణం మారింది.

ఈ విలీనాలకు హైదరాబాదుతో ఒక పోలిక, ఒక భేదం కనిపిస్తాయి. 2007 ఏప్రిల్‌లో 12 పురపాలికలను, 8 గ్రామపంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థను ఏర్పాటు చేసినప్పుడు, నీటి సరఫరా మాత్రం 1989 చట్టం కింద ఏర్పడిన మహానగర నీటి మండలి చేతిలోనే ఉంది. విలీననిర్ణయం రాష్ట్రప్రభుత్వ ఉత్తర్వుతో జరిగింది. చేరే ఊళ్ళలో ఓటింగు జరగలేదు. లాస్ ఏంజెలిస్‌లో 706 మందైనా ఓటు వేశారు. ఆ ఓటు వెనుక నీటి ఒత్తిడి ఉన్నమాట నిజమే కాని, కాదనే అవకాశం కాగితంమీదనైనా ఉండింది. కాదన్న ఊళ్ళు కూడా ఉన్నాయి.

6. చేరని ఊళ్ళు, ఓటులేని లోయ

లోయలోని పాత పట్టణం శాన్ ఫెర్నాండోకు సొంత బావులున్నాయి. అది చేరలేదు. నాలుగువైపులా లాస్ ఏంజెలిస్ ఆవరించినా తన పురపాలనను నిలుపుకుంది. బర్బాంక్, గ్లెండేల్ కూడా భూగర్భజలంతో వెలుపలే నిలిచాయి. శాంటా మోనికా ససేమిరా అంది. బెవర్లీ హిల్స్‌లో 1923లో విలీన ప్రతిపాదన ఓటుకు వచ్చింది. అక్కడి భూసంస్థ నీటిబాధ్యత వదిలించుకోవాలని విలీనాన్ని బలపరిచింది. మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్, విల్ రోజర్స్ వంటి తారలు వ్యతిరేకంగా ప్రచారం చేశారు. ప్రతిపాదన ఓడిపోయింది. మరోవైపు ఈగిల్ రాక్ 1923లో, వెనిస్ 1925లో, వాట్స్ 1926లో నగరంలో కలిశాయి. సొంత నీరు, సొంత డబ్బు ఉన్న ఊరు నిలిచింది, లేని ఊరు కలిసింది. స్వపరిపాలనాభిమానం అందరికీ ఉన్నా, దానిని నిలుపుకునే శక్తి కొందరికే ఉంది.

ఇక నీటికి మూలమైన ఓవెన్స్ లోయవారిని ఎవరూ ఏ ఓటూ అడగలేదు. నగర బాండ్ల ఎన్నికలో వారికి ఓటు లేదు, విలీనపు ఎన్నికలోనూ లేదు. (నిజానికి ఆ లోయలో మొదట కాలువలు తవ్వి నీరు పారించుకున్నది పైయూట్ తెగవారు. శ్వేతజాతి రైతులు వారిని తొలగించే వచ్చారు. లాస్ ఏంజెలిస్ చేతిలో నష్టపోయిన రైతుల గాథ చెప్పేటప్పుడు ఈ సంగతి తరచు మరుగున పడుతుంది.) విలీనమైన శాన్ ఫెర్నాండో లోయ పొలాలకే కాలువ నీటిలో అధికభాగం పారుతుండగా, 1920ల మొదట్లో వర్షాభావం వచ్చింది. నగరం ఓవెన్స్ లోయలో మరిన్ని భూములు, సేద్యపు కాలువలు కొనసాగింది. 1924 మే 21న కాలువను డైనమైట్‌తో పేల్చారు. ఆ నవంబరు 16న స్థానికులు అలబామా తూములను ఆక్రమించి, నాలుగురోజులపాటు నీటిని ఎడారిలోకి వదిలేశారు. కుటుంబాలు భోజనాలు కట్టుకొని అక్కడికి వచ్చాయి. 1927లో పేలుళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. అదే సంవత్సరం ఆగస్టులో ప్రతిఘటనకు నాయకత్వం వహించిన వాటర్‌సన్ సోదరుల బ్యాంకులు మూతపడి, ఆ సోదరులే నిధుల దుర్వినియోగ నేరంపై జైలుకు వెళ్ళడంతో ఉద్యమం కుప్పకూలింది. 1930ల తొలినాళ్ళకు ఆ లోయలో సుమారు 95 శాతం వ్యవసాయభూమి నగరానిదే. అంతటి భూమికి యజమాని అయినా నగరం ఆ లోయను విలీనం చేసుకోలేదు. చేసుకుంటే అక్కడివారూ నగర ఓటర్లవుతారు, నీటిలో వాటా అడుగుతారు. విలీనానికి నీరు ఎర అయినచోట ఓటు వచ్చింది. నీటికి మూలమైనచోట యాజమాన్యం మాత్రమే వచ్చింది.

7. మెట్రోపాలిటన్ వాటర్ డిస్ట్రిక్ట్: సహకారానికి మళ్ళడం

1923 నాటికే ముల్‌హాలండ్ దృష్టి కొలరాడో నదిమీద పడింది. ఈ పథకం నగరం ఒంటరిగా మోయగలిగినది కాదు. ఎడారిని, పర్వతాలను దాటించి నీటిని ఎత్తిపోయాలి, అందుకు సమాఖ్య ప్రభుత్వం కట్టే ఆనకట్ట విద్యుత్తు కావాలి. కాంగ్రెసును ఒప్పించాలంటే దక్షిణ కాలిఫోర్నియా మొత్తం ఒకే గొంతుతో అడగాలి. ఓవెన్స్ లోయ పేలుళ్ళ వార్తల తరువాత లాస్ ఏంజెలిస్ ఒంటరి గొంతుకు విశ్వసనీయత తక్కువ. పొరుగు పట్టణాలకూ భూగర్భజలమట్టం పడిపోతుండడం కనిపించింది. వాటికి నీరు కావాలి, విలీనం వద్దు.

ఈ ప్రయత్నంలో పాసడీనా నాయకులు ముందు నిలిచారు. నగర న్యాయవాది డబ్ల్యు. బి. మాథ్యూస్ చట్టరచనలో ప్రధానపాత్ర వహించాడు. 1927లో శాసనసభ మెట్రోపాలిటన్ వాటర్ డిస్ట్రిక్ట్ చట్టాన్ని ఆమోదించింది. 1928 డిసెంబరు 6న జిల్లా ఏర్పడింది. లాస్ ఏంజెలిస్‌తో పాటు పాసడీనా, బెవర్లీ హిల్స్, బర్బాంక్, గ్లెండేల్, శాంటా మోనికా తదితర పట్టణాలు వ్యవస్థాపక సభ్యులు. ఈ జాబితాను వెనుకటి భాగంతో పోల్చి చూస్తే, విలీనాన్ని కాదన్న ఊళ్ళే ఇక్కడ సభ్యులుగా కనిపిస్తాయి. ఆ ఏడాది మార్చి 12 అర్ధరాత్రి ముల్‌హాలండ్ కట్టించిన సెయింట్ ఫ్రాన్సిస్ ఆనకట్ట కూలి నాలుగువందల మందికి పైగా మరణించారు. ఆయన వృత్తిజీవితం దానితో ముగిసింది. జిల్లా ఏర్పాటుకు ఆ దుర్ఘటన కారణం కాదు, చట్టం అంతకుముందే వచ్చింది. కాని, నీటి విషయంలో నగరం మాటే వేదమన్న కాలం దానితో చెల్లింది.

చట్టంలోని ఓటుహక్కు సూత్రం ఈ వ్యాసానికి అత్యంత ముఖ్యం. ప్రతి సభ్యనగరానికి పాలకమండలిలో కనీసం ఒక డైరెక్టరు ఉంటాడు. ఓట్ల సంఖ్య ఆ నగర ఆస్తుల మదింపు విలువనుబట్టి ఉంటుంది. ఆ లెక్కన లాస్ ఏంజెలిస్ ఒక్కటే మిగిలినవారందరినీ ఓడించగలదు. అందుచేత ఏ ఒక్క నగరానికీ మొత్తం ఓట్లలో సగానికి మించి ఉండకూడదని పరిమితి పెట్టారు. ఎక్కువ పన్ను కట్టే పెద్దనగరం తన ఆధిక్యాన్ని తానే కుదించుకోవడానికి ఒప్పుకుంది. ఇరవై ఏళ్ళ కిందట కలవనివారికి నీరు లేదన్న నగరం ఇలా ఒప్పుకోవడం సామాన్యమైన మార్పు కాదు. జిల్లా తొలి అధ్యక్షుడు డబ్ల్యు. పి. విట్‌సెట్ కూడా ఈ మార్పుకు ప్రతీకే. ఆయన శాన్ ఫెర్నాండో లోయలో వాన్ నైస్ పట్టణం స్థలాలు అమ్మి పైకి వచ్చిన వ్యక్తి. విలీనకాలపు భూవ్యాపారి సహకారకాలపు అధ్యక్షుడయ్యాడు.

1931 సెప్టెంబరులో, మహామాంద్యం మధ్యలో, సభ్యనగరాల ఓటర్లు 22 కోట్ల డాలర్ల బాండ్లను ఆమోదించారు. 242 మైళ్ళ కొలరాడో కాలువ 1941లో నీరు అందించింది. చాలాకాలంపాటు లాస్ ఏంజెలిస్ జిల్లాకు అత్యధిక పన్ను చెల్లిస్తూ, తన ఓవెన్స్ నీరు తనకుండడం వల్ల జిల్లా నీటిని స్వల్పంగానే వాడుకుంది. నగరంలో దీనిపై ఫిర్యాదులు వచ్చాయి. పొరుగుల విస్తరణకు మన పన్నులా అన్న ప్రశ్న సహజమే. అయితే కరవు సంవత్సరాలకు అది బీమా అన్నది రెండవ పక్షం. ఈ వాదంలో ఇరుపక్షాలకూ బలం ఉందని అంగీకరించక తప్పదు.

8. తరువాతి కాలం

నగరంలో కలవకుండానే నీరు దొరికే మార్గం ఏర్పడ్డాక పెద్ద విలీనాలు దాదాపు ఆగిపోయాయి. 1932లో టుహుంగా చేరిక చివరి చెప్పుకోదగ్గ ఘట్టం. 1954లో లేక్‌వుడ్ అనే ఊరు పొరుగున ఉన్న లాంగ్ బీచ్ తనను ముక్కలుముక్కలుగా కలుపుకోవడాన్ని అడ్డుకోవడానికి స్వయంగా నగరమైంది. తన సేవలను కౌంటీ నుంచి ఒప్పందంపై తీసుకుంది. ఆ పద్ధతిని అనేక ఊళ్ళు అనుసరించాయి. ఎవరు ఎవరిని కలుపుకోవాలి, ఏ జిల్లా ఎక్కడ ఏర్పడాలి అన్న తగవులు పెరగడంతో, 1963లో రాష్ట్రం ప్రతి కౌంటీలో ఒక స్థానికసంస్థల సరిహద్దు కమిషన్‌ను నెలకొల్పింది. నేడు కాలిఫోర్నియాలో ఏ పాలకమండలి విలీనం కోరినా, ఆ భూమికి నీరు ఎవరిస్తారు, ఇప్పటికే అక్కడ సేవలందిస్తున్న జిల్లా గతి ఏమిటి అన్న వివరాలతో ఆ కమిషన్ ముందుకు వెళ్ళాలి.

2002 నవంబరులో శాన్ ఫెర్నాండో లోయ లాస్ ఏంజెలిస్ నుంచి విడిపోయే ప్రతిపాదనపై ఓటింగు జరిగింది. లోయలో స్వల్ప ఆధిక్యం వచ్చింది, నగరం మొత్తంమీద ఓడిపోయింది. ఆనాటి చర్చలోనూ విడిపోతే నీటి సంగతేమిటి అన్న ప్రశ్న ప్రధానంగా వినిపించింది.

ఏనాడూ కలవని శాన్ ఫెర్నాండో పట్టణం సంగతి చెప్పుకోవలసి ఉంది. 1955లో లాస్ ఏంజెలిస్ లోయ భూగర్భజలాలపై తన ప్యూబ్లో హక్కును స్థిరపరచుకోవడానికి దానిపైనా, గ్లెండేల్, బర్బాంక్ తదితరులపైనా దావా వేసింది. ఇరవై ఏళ్ళకు, 1975లో, రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం ప్రధాన లోయ విషయంలో లాస్ ఏంజెలిస్ హక్కును సమర్థించింది. అయితే శాన్ ఫెర్నాండో బావులున్న సిల్మార్ ప్రాంతానికి ఆ హక్కు వర్తించదని చెప్పింది. ఆ పట్టణం తీర్పు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. అంతకు నాలుగేళ్ళ ముందే, 1971లో, మెట్రోపాలిటన్ వాటర్ డిస్ట్రిక్ట్‌లో సభ్యత్వం తీసుకుంది. సుమారు రెండున్నర చదరపు మైళ్ళ ఆ పట్టణానికి ఆ పాలకమండలిలో నేటికీ ఒక డైరెక్టరు ఉన్నాడు.